మిస్డ్ కాల్ తీర్మానం

దిబ్బ మీద ఎండబెట్టిన చేపల్ని తిరగేస్తూ పున్నమ్మ పక్కనున్న పంచాయతీ ఆఫీసు కిటికీలోంచి లోపలికి చూసింది. ఆమె మొగుడు నాగబాబు సర్పంచి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "కూర్చోమ్మా" అన్నాడు, పార్టీ తరఫున గుడివాడ నుంచి వచ్చే వర్షిణితో.

పున్నమ్మకి ఒళ్ళు మండిపోయింది. అసలు సర్పంచి తను. ఆడవాళ్ళకి కేటాయించిన సీటని నిలబెట్టారు, గెలిచింది. మూడేళ్ళుగా కుర్చీ మాత్రం మొగుడిది. "నీ దగ్గర చేపల వాసన, ఆఫీసర్లొస్తారు" అంటాడు. పెళ్ళాం కోసం ఏనాడూ లేవనివాడు ఆ పిల్ల కోసం లేచాడు. ఆ నలగని చీర చూసినా అసూయే, ఆ తడబడని గొంతు విన్నా అసూయే. పింఛను ఆగితే ఊరంతా వర్షిణికే ఫోన్ చేస్తుంది. పున్నమ్మ గుమ్మం తొక్కేవాళ్ళే లేరు. "మన నాయకుడికీ మీకూ మధ్య ఎవరూ అక్కర్లేదు" అని ఆ పిల్ల ప్రతి మీటింగులో అంటుంది, జనం చప్పట్లు కొడతారు. అక్కర్లేనిది తనేనని పున్నమ్మకి ఇన్నాళ్ళూ తట్టలేదు.

నాగబాబు కేకేస్తే చేతులు కడుక్కుని వెళ్ళింది. తీర్మానాల పుస్తకం తెరిచి ఉంది. గ్రామసభ జరిగిందట. ముప్పైమంది ఆడవాళ్ళు చేపలెండబెట్టుకుని బతికే ఆ దిబ్బని రొయ్యల ఫ్యాక్టరీకి ఇవ్వడానికి ఊరు ఒప్పుకుందట.

"సభ ఎప్పుడు జరిగింది?"

"ఫోన్లోనే అక్కా" అంది వర్షిణి. "నాయకుడి వెంట ఉన్నవాళ్ళని మిస్డ్ కాల్ ఇమ్మన్నాం కదా! నాలుగొందలమంది ఇచ్చారు. మీరూ ఇచ్చారు."

ఇచ్చింది. మీటింగులో ఆ పిల్ల తన పేరు కూడా చదువుతుందేమోనన్న ఆశతో ఇచ్చింది. తన మీద తనకే రోత పుట్టింది.

"అందులో దిబ్బ సంగతి ఎవరు చెప్పారు?"

"ఆయన మీద నమ్మకముంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే అక్కా. పైనుంచి అలాగే రాసుకోమన్నారు."

"సంతకం పెట్టెయ్యవే" అన్నాడు నాగబాబు. "చదువుకున్న పిల్ల, తెలీకుండా చెబుద్దా?"

పున్నమ్మ పెన్ను అందుకుంది. 'సభ జరగలేదు' అని వంకర అక్షరాలతో రాసి, దాని కింద సంతకం చేసింది.

"ఆదివారం సభ పెడతా. దండోరా వేయించు."

"ఎవరొస్తారే? వచ్చినా ఈ పిల్ల మాటే వింటారు. పోయేది నీ పరువే."

నిజమే కావచ్చు. కడుపులో మంట చల్లారలేదు, చల్లారాలని కూడా ఆమె అనుకోలేదు.

"ఈ పిల్లకి ఫోన్లో అవునన్నారుగా! నన్ను కాదంటే కాదననీ. కానీ నా ఎదుటకొచ్చి అనాలి."