గోడ మీద నూట ఇరవై

నలభై ఏళ్లు మీదికొస్తుంటే మెకానికల్ డ్రాఫ్టింగు నేర్చుకుంటానని టైలరమ్మ అన్నరోజు ఇంట్లో నవ్వనివాళ్లు లేరు. ఆడపడుచైతే కడుపు పట్టుకుని మరీ నవ్వింది.

"ఏం వదినా, చొక్కాలైపోయాయి, ఇక ఇంజన్లకి కుడతావా?"

"కుడతాను. ముందు నీ నోటికో రెండు కుట్లు వేస్తాను, కొలతలియ్యి" అంది టైలరమ్మ.

అన్న మాట నిలబెట్టుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. రెడీమేడ్ బట్టలొచ్చి ఆమె దుకాణాన్ని మింగేశాయి. ఇరవై ఏళ్లు కుట్టిన మిషను మీద గుడ్డ కప్పి, తనలో సగం వయసు పిల్లలతో డ్రాఫ్టింగు స్కూల్లో ఏడాదిపాటు బోర్డు ముందు నిలబడింది. పెన్సిలు ముల్లులా చెక్కడం నేర్చింది. ఒకే వస్తువును ముందు నుంచి, పక్క నుంచి, పైనుంచి మూడు బొమ్మలుగా గీయడం నేర్చింది. మెడ పట్టేసేది, కళ్లు లాగేవి. అయినా ఒక్కరోజు మానలేదు. ఇప్పుడు మిగిలింది పరీక్షకు గీయాల్సిన ఆఖరి షీటు ఒక్కటే. అది పాసైతే పంపుల ఫ్యాక్టరీ డ్రాయింగు గదిలో ఉద్యోగం. తప్పితే అంతే సంగతులు, ఎందుకంటే నలభై దాటినవాళ్లను వాళ్లు తీసుకోరు, ఆమెకు నలభై నిండటానికి మూడు నెలలే ఉంది.

ఆఖరి షీటుకు ఇచ్చేది ఏటా ఒకటే వస్తువు. పంపు షాఫ్టును మోసే పోత ఇనుప బ్రాకెట్టు. కింద పలక, పైన గుండ్రటి రంధ్రం. దాన్ని కొలిచి గీయాలి. క్లాసు గోడ మీద అదే బ్రాకెట్టు బొమ్మ అద్దం కట్టి వేలాడుతోంది. పాఠం చెప్పే మాస్టారు కుర్రతనంలో సిరాతో గీసింది. వెంట్రుకవాసి తేడా లేని గీతలు, ముత్యాల్లాంటి అంకెలు. ఆ బొమ్మ చూసే ఆయనకు ఇక్కడ ఉద్యోగమిచ్చారట. పలక అడుగు నుంచి రంధ్రం నడిబొడ్డుకు నూట ఇరవై మిల్లీమీటర్లు అని అందులో ఉంది. పిల్లలు బ్రాకెట్టును మర్యాదకు అటూ ఇటూ తిప్పి, గోడ చూసి నూట ఇరవై వేసి చేతులు దులుపుకున్నారు.

టైలరమ్మ కొలిస్తే నూట పదిహేడు వచ్చింది. పొరపాటేమో అనుకుని మళ్లీ కొలిచింది. అదే వచ్చింది. పలక మందం గోడ మీద పదిహేను, చేతిలో పన్నెండే. పైనంతా సరిగ్గానే ఉంది, కిందే మూడు మిల్లీమీటర్లు ఎగిరిపోయాయి.

పక్కబోర్డు అమ్మాయి వంగి ఆమె షీటు చూసి మొహం మాడ్చుకుంది. ఆఖరి షీటు తప్పి రెండోసారి చదువుతోంది కాబట్టి ఆమెను అందరూ పాతకాపు అంటారు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, నూట ఇరవై వేసెయ్. పోయినేడు నేను నూట పదిహేడు వేసే ఏడాది పోగొట్టుకున్నాను."

"నువ్వూ కొలిచావా?"

"నాలుగుసార్లు."

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. తన సంగతి సరే, ఈ పిల్ల చేసిన పాపమేమిటి? కొలవడమా? తిన్నగా షీటు పట్టుకుని మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లింది.

ఆయన అంకె చూశారు, గోడ చూశారు. "దిద్దుకో. రేపు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ వస్తున్నాడు."

"బ్రాకెట్టు కొలిచి చూడండి మాస్టారూ."

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. నువ్వు నాకు కొత్తగా చూపించక్కర్లేదు."

"ఇరవై ఏళ్లు నేనూ కుట్టాను మాస్టారూ. ఆది చొక్కా తెచ్చి దీని ప్రకారం కుట్టమనేవాళ్లు. చొక్కా పెళ్లినాటిది, పొట్ట ఇవాళ్టిది. చొక్కా పక్కనపెట్టి మనిషినే నిలబెట్టి కొలిచేదాన్ని. నేను దిద్దను."

మాస్టారు ఎర్ర పెన్సిలు తీసి నూట పదిహేడు మీద అడ్డంగా గీత కొట్టారు.

ఆ పూట ఇంటికి వెళ్లి అన్నం కెలికి వదిలేసింది. భయం లేదని కాదు, చచ్చేంత ఉంది. అంకె మార్చడానికి రబ్బరుతో రెండు రుద్దులు చాలు. కానీ రుద్దితే, కొలవడం తప్ప ఇంకేమీ రాని తన చేతులకు ఇక ఏం మిగులుతుంది?

మర్నాడు ఫోర్‌మన్ వచ్చాడు. షీట్లన్నీ తిరగేసి ఆమె షీటు దగ్గర ఆగాడు.

"పద్దెనిమిది మంది నూట ఇరవై అన్నారు. నువ్వొక్కదానివే ఇలా వేశావేం?"

టైలరమ్మ బ్రాకెట్టును రెండు చేతులా ఎత్తి ఆయన ముందు పెట్టి, పక్కన కొలిచే గేజి పెట్టింది. ఫోర్‌మన్ పలక అడుగు నుంచి రంధ్రం కింది అంచుదాకా కొలిచాడు. తొంభై ఏడు. రంధ్రంలో సగం, ఇరవై కలిపితే నూట పదిహేడు. మళ్లీ కొలిచి మాస్టారి వైపు తిరిగాడు.

మాస్టారు ఒప్పుకున్నారు. "నేను గీసినప్పుడు నూట ఇరవయ్యే. తర్వాత నా చేతిలోంచే జారి పలక మూల విరిగింది. అడుగంతా మూడు మిల్లీమీటర్లు కోసి చదును చేశాను. బొమ్మ మీద చెయ్యి వేయడానికి మనసొప్పలేదు."

"చేతిలో ఉన్నది కొలవకుండా గోడ చూసి గీస్తే మా షాఫ్టు తిరుగుతుందా?" అన్నాడు ఫోర్‌మన్. ఆమె వైపు తిరిగి, "నువ్వు సోమవారం వచ్చి చేరమ్మా" అన్నాడు.

ఇంకొకరైతే దణ్ణం పెట్టి కూర్చునేవారు. టైలరమ్మ కూర్చోలేదు.

"పోయినేటి షీట్లు ఆ బీరువాలో ఉన్నాయి. పాతకాపుది తీయించండి."

తీశారు. నూట పదిహేడు, దాని మీద ఎర్ర గీత. ఫోర్‌మన్ ఆ అమ్మాయి కొత్త షీటు పక్కన పెట్టి చూశాడు. "సరిగ్గా కొలిచినదానివి, ఈసారి నూట ఇరవై ఎందుకు వేశావు?"

"పాసవ్వాలని" అంది పాతకాపు తలవంచుకుని.

ఆ మాట విని మాస్టారు లేచారు. కుర్చీ ఎక్కి బొమ్మ దించారు, అద్దం ఊడదీశారు. గీసిన బొమ్మను చెరపకూడదని, పాత అంకె కొట్టేసి కొత్తది వేసి, ఎవరు మార్చారో మూలన ఉన్న మార్పుల గడిలో రాయాలని మొదటిరోజే చెప్పింది ఆయనే. ఆయన బొమ్మలో ఆ గడి ఇన్నేళ్లూ ఖాళీగానే ఉంది. సిరా పెన్ను టైలరమ్మకు అందించారు.

ఆమె తీసుకుని పాతకాపు చేతిలో పెట్టింది. "నాకన్నా ముందు కొలిచింది ఈ పిల్ల."

పాతకాపు నూట ఇరవై కొట్టేసింది. పైన నూట పదిహేడు వేసి, గడిలో సంతకం పెట్టి, తేదీ దగ్గర పోయిన ఏడాది తేదీ వేసింది.

"ఇవాళ్టి తేదీ కదా వేయాలి?" అన్నారు మాస్టారు.

"ఆ పిల్ల కొలిచింది ఆ రోజే మాస్టారూ" అంది టైలరమ్మ.

ఆయన సిరా ఆరేదాకా ఆగి, బొమ్మను మళ్లీ గోడకు తగిలించారు.