నడుముకు రెండు గళ్ళు

ఆ టైలరింగు కొట్లో అత్తగారు టేపు చేతపట్టిందంటే అబద్ధం మొదలైనట్టే. అలాగని ఆవిడ మోసగత్తె కాదు సుమండీ. బెత్తెడు గుడ్డ మిగిలినా మడతపెట్టి ఇచ్చేసే మనిషి. ఎటొచ్చీ ఆడవాళ్ళ నడుము దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ నోట చచ్చినా నిజం రాదు. ముప్ఫై ఆరుంటే "ముప్ఫై రెండు!" అని కొట్టంతా వినపడేలా కేకేస్తుంది. కొలత ఇచ్చుకున్నామె మొహం అప్పుడు చూడాలి, వెలిగిపోతుంది! పక్కవాళ్ళకేసి ఒక చూపు విసిరి, ఇంకో జత కూడా ఇక్కడే కుట్టించుకుంటానంటుంది.

మరి బట్టలు సరిపోయేదెలా? దానికో ఏర్పాటుంది. అంకె చెప్పాక అత్తగారు కత్తెరను గాల్లో టక్కుమనిపిస్తుంది. ఒక టక్కుకు రెండంగుళాలు కలుపుకోవాలి. బల్ల దగ్గర కూర్చున్న కోడలు అట్టముక్క మీద అంకె రాసి, ఎన్ని టక్కులు వినపడితే అన్ని చుక్కలు పక్కన పెడుతుంది. గుడ్డ కత్తిరించేటప్పుడు ఆ చుక్కలు చూసుకుని వదులు కలుపుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో నేర్చుకున్న విద్య. ఇప్పుడు టక్కు వినగానే చెయ్యి దానంతటదే చుక్క పెట్టేస్తుంది, బుర్రతో పనే లేదు.

కోడలికి తన నడుమంటే మహా గర్వం. "ఇద్దరు పిల్లల తల్లిని, ఇప్పటికీ ముప్ఫై. మా అత్తయ్య కత్తెర నా దగ్గర ఒక్కసారి చప్పుడు చేస్తే ఒట్టు!" అని మొగుడితో అంటుంటుంది. ఆయన కుట్టిన బట్టలు ఇళ్ళకు చేరవేసే మనిషి. అత్తాకోడళ్ళ సంగతుల్లో తలదూర్చకుండా సుఖంగా బతుకుతున్నాడు.

కోడలి ప్రాణమంతా పక్క వీధిలో అత్తగారికున్న ఖాళీ గది మీద ఉంది. అక్కడ రెండో కొట్టు పెట్టాలి, అది తన కొట్టు కావాలి. కాని కొలతల అట్టలన్నీ ఒకే ఒక్క రేకుపెట్టెలో ఉన్నాయి, ఆ పెట్టె రెండు కొట్లలో ఉండలేదు. కంప్యూటర్లోకి ఎక్కించేస్తే రెండు చోట్లా చూసుకోవచ్చని కోడలు రోజూ చెవిలో పోరుపెట్టింది.

"సరేలే," అంది చివరికి అత్తగారు. "అందుకు పనికొచ్చేది ఏదో ఒకటి ఎంచుకో. కాని అమ్మాయ్, నేను నా చేత్తో ఒక మనిషిని అందులోకి ఎక్కించి, ఎవరి సాయం లేకుండా మళ్ళీ వెతికి పట్టుకోగలగాలి. ఆ రోజున ఆ గది తాళం నీ చేతిలో పెడతా. నాకు చేతకాలేదా, ఇంక రెండో కొట్టు ఊసెత్తకు."

కోడలు తన తమ్ముడిని రప్పించింది. కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగం వాడికి. మొదట వాడు పెద్ద ఆసుపత్రులు వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చాడు. తెరంతా బొమ్మలూ బొత్తాలూ. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ఎదురుగా కూర్చుంది. పేరు కొట్టగానే అది పుట్టిన తేదీ అడిగింది.

"ఇది ఇవ్వకపోతే ముందుకు పోదండీ," అన్నాడు తమ్ముడు.

"నడుము కొలతే పైకి చెప్పలేక చస్తుంటే పుట్టిన తేదీ కావాలా దీనికి? ఇంకా నయం, కొట్లో వాళ్ళని పట్టుకుని ఇది ప్రశ్నలు వేస్తే ఒక్కత్తీ గుమ్మం తొక్కదు. తీసెయ్ బాబూ!"

రెండోది ఉచితంగా వచ్చేది. అందులో మనుషులంతా ఒక పట్టికలో ఉంటారు, కొలతలు వేరే పట్టికలో ఉంటాయి. రెంటికీ నంబరుతో లంకె వేసుకోవాలి. భవిష్యత్తులో ఎంత పెరిగినా తట్టుకుంటుందని తమ్ముడు ఊదరగొట్టాడు.

"ఏవిటీ, మనిషి ఒకచోట, నడుము ఇంకోచోటానా?" అత్తగారు బుగ్గన వేలేసుకుంది. "ఆ దేవుడు కలిపి ఇచ్చిన దాన్ని మనం విడదీసి, మళ్ళీ మనమే అతకాలా? బావుంది సంబడం!"

మూడోది చూసి తమ్ముడికే చిన్నతనంగా ఉంది. ఒకటే పట్టిక. మనిషికో వరుస, కొలతకో గడి, పైన వెతకడానికి ఒక చోటు. అంతే! "ఇది చిన్నపిల్లల ఆటలా ఉంటుందక్కా," అని గొణిగాడు. "మాకు కావలసిందీ అదేరా," అంది కోడలు. ఆ సాయంత్రమే రేకుపెట్టె వాడి ముందు పెట్టింది. వాడు పాపం వారమంతా కూర్చుని అట్టలన్నీ ఎక్కించాడు.

కొత్త కొట్టుకని కోడలు అప్పుడే ఒక కటింగ్ మాస్టరును కూడా కుదుర్చుకుంది. అతను మితభాషి, తెరమీద ఏది కనపడితే అది కత్తిరిస్తాడు. సరిగ్గా ఆ సమయానికే పాటల టీచరొకావిడ పెద్ద పని తెచ్చింది. ఆవిడ దగ్గర పాడే ఆడవాళ్ళందరికీ పోటీ కోసం ఒకేలాంటి నీలం కోట్లు కావాలి. అందరూ పాత ఖాతాదారులే, కొలతలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. ఇంకేం, మాస్టరు ఉత్సాహంగా కత్తిరించేశాడు.

కోట్లు వేసి చూసుకునే రోజున బృందం బృందమంతా దిగింది. తెర వెనక్కి వెళ్ళి ఒక్కొక్కరే కోటు తొడుక్కుని వచ్చారు. ఎవరి మొహాన నెత్తురుచుక్క లేదు. గుండీలన్నీ పెట్టుకున్నారు, నిజమే, కానీ ఊపిరి బిగబట్టి పెట్టుకున్నారు. ప్రతి ఒక్కరూ పక్కామెను ఓరగా చూసి, తనొక్కతే లావెక్కిపోయిందనుకుని నోరు మూసుకున్నారు. "బ్రహ్మాండంగా... ఉన్నాయి," అంది పాటల టీచరు మధ్యలో ఆగి. వెళ్ళేటప్పుడు ఒక్కరూ వంగి చెప్పులు వేసుకోలేకపోయారు, కాలి వేళ్ళతో తడుముకున్నారు.

 కోడలు పరుగున వెళ్ళి రేకుపెట్టె తెరిచింది. పాటల టీచరు అట్టమీద ముప్ఫై రెండు, పక్కన రెండు చుక్కలు. తెరమీద ఉత్త ముప్ఫై రెండు.

"చుక్కలేవిరా?" అంది తమ్ముడికి ఫోన్ చేసి.

"అవా? సిరా చిందిందనుకున్నానక్కా. అన్నీ శుభ్రం చేసి ఎక్కించా," అన్నాడు వాడు, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

నాలుగు తిట్లు తిడదామనుకుని ఆగింది కోడలు. వాడికి చుక్కల సంగతి చెప్పిందెవరు? కళ్ళు మూసుకుని చేసే పనాయె, చెప్పాలన్న ధ్యాసే తనకు రాలేదు. ఇంక తాళమూ లేదు, కొట్టూ లేదు అనుకుంటే ఏడుపొచ్చింది ఆమెకు. అత్తగారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని గుండీలు ఏరుకుంటోంది.

"అయిందేదో అయింది. పెరటి తలుపు గడియ తీసి ఉంచు," అంది.

ఎందుకో మర్నాడు తెలిసింది. ముందొక ఆవిడ వచ్చింది పెరటివైపు నుంచి, కోటు సంచిలో దాచుకుని. "కాస్త వదులు చెయ్యాలండీ. మా వాళ్ళకి తెలియనివ్వకండేం," అంది గుసగుసగా. ఆవిడ అటు వెళ్ళిందో లేదో ఇంకొకామె. ఆమె వెనకే మరొకామె. ఇద్దరు పెరట్లో ఎదురుపడి, సూదులు కొనడానికి వచ్చామని ఒకరికొకరు చెప్పుకున్నారు. అందరికన్నా చివర నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పాటల టీచరే వచ్చింది.

"పాడాలంటే ఊపిరి తీసుకోవాలి కదండీ," అంది దీనంగా.

"మీదేం లేదమ్మా, ఈ కొత్త దారం బిగువు అలాంటిది," అని కత్తెర పక్కన పెట్టి నిండు మొహంతో అబద్ధమాడింది అత్తగారు. ఆ కొట్లో ఏది కుట్టినా లోపల కుట్టు కింద దండిగా గుడ్డ వదలాలని మాస్టరుకు ఆవిడ ముందే చెప్పి పెట్టింది. కుట్లు విప్పి వదులు చేసేశారు. పోటీలో బృందం గొంతెత్తి పాడింది. ఆడవాళ్ళ పరువూ దక్కింది, కొట్టు పరువూ దక్కింది.

తమ్ముడు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఆసుపత్రి పాటే ఎత్తుకున్నాడు. "అందులో చుక్కలకు చోటుందా?" అని నిలదీసింది కోడలు. కొత్త గడి కావాలంటే కంపెనీకి అర్జీ పెట్టుకోవాలట, వాళ్ళకు తీరికైనప్పుడు చేస్తారట. కోడలు ఇంక వాడి మాట వినలేదు. తన చిన్న పట్టిక తెరిచి, కూడిక గుర్తు ఒక్కటి నొక్కింది. నడుము పక్కన ఖాళీ గడి పుట్టుకొచ్చింది. మొదటి దానికి "చెప్పింది" అని, రెండో దానికి "ఉన్నది" అని పేర్లు పెట్టింది. ఒక మీట నొక్కితే రెండోది దాక్కుంటుంది, ఎవరొచ్చి తెర చూసినా "చెప్పింది" మాత్రమే కనపడుతుంది. అట్టలన్నీ మళ్ళీ తీసి, చుక్కల ప్రకారం తనే నింపింది. మాస్టరు రెండో గడి చూసి కత్తిరిస్తాడు. పరీక్షకు కత్తిరించిన నాలుగు బట్టలూ అతికినట్టు సరిపోయాయి.

ఇక మిగిలింది అత్తగారి పరీక్ష. ఆవిడ అందర్నీ కొట్లోంచి బయటికి పొమ్మంది. కోడలు, తమ్ముడు, మాస్టరు గుమ్మంలో నిలబడ్డారు. లోపల ఒంటివేలి టకటకలు. మధ్యలో "నీ మొహం మండ, ఆ అక్షరం ఎక్కడ చచ్చిందే!" అన్న కేక.  దేవుడా, ఈ ఒక్క గండం గట్టెక్కించు అనుకుంది కోడలు.

"రండి," అని పిలిచింది అత్తగారు. అందరూ చూస్తుండగా వెతికే చోట ఏదో కొట్టింది. ఒక్క వరుస పైకి తేలింది.

పేరు, కోడలు. చెప్పింది, ముప్ఫై. ఉన్నది, ముప్ఫై నాలుగు.

 కోడలికి ఒళ్ళు మండిపోయింది. "ఇదేంటత్తయ్యా! నా దగ్గర కత్తెర ఎప్పుడైనా చప్పుడు చేసిందా?"

"ఎందుకు చెయ్యాలి? నీ బట్టలు కత్తిరించేది నేనే కదే అమ్మాయ్. నాకు నేను చప్పుడు చేసి చెప్పుకోవాలా?"

 నిజమే, కోడలి బట్టల మీద ఏనాడూ కోడల్ని కత్తెర పెట్టనివ్వలేదు అత్తగారు. అది ప్రేమనుకుని ఇన్నేళ్ళూ మురిసిపోయింది. కటింగ్ మాస్టరు గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదువుతున్నాడు. తమ్ముడి భుజాలు కదులుతున్నాయి, వెధవ నవ్వుతున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అంది అత్తగారు. బల్ల సొరుగులోంచి తాళంచెవి తీసి వేలికి తగిలించుకుంది. "నేను ఎక్కించింది తప్పా? తప్పైతే నాకు ఇది చేతకాలేదన్నమాటే. కొట్టు సంగతి మర్చిపోదాం."

కోడలు తెరకేసి చూసింది, తాళంచెవికేసి చూసింది. టేపు అడుగుదామా అనుకుంది. అడిగితే ఏమవుతుందో, అబద్ధాల కొట్లో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషికి తెలియదా?

"సరిగ్గానే ఉందిలెండి," అంది పళ్ళు కొరుకుతూ.

అత్తగారు తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, తీరిగ్గా కత్తెర అందుకుని గాల్లో రెండుసార్లు టక్కుమనిపించింది. కోడలు తాళంచెవిని పిడికిట్లో బిగించి, రెండో చేత్తో చటుక్కున మీట నొక్కి "ఉన్నది" గడి దాచేసింది.