దుబాసమ్మ అన్న మాట

రెండు దేశాల మధ్య గేటు పక్కన ఒక పొడుగాటి హాలు ఉంది. మనుషుల్ని మాయమాటలతో తీసుకుపోయి అమ్మేవాళ్ళనీ, దొంగసరుకు దాటించేవాళ్ళనీ కలిసి పట్టుకుందామని రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుని కట్టించిన హాలది. సరిహద్దు గీత సరిగ్గా బల్ల మధ్యనుంచే పోతుంది. ఇటు కుర్చీలో మీసాలాయన, అటు కుర్చీలో కళ్ళజోడాయన. ఇద్దరూ తమ తమ నిఘా విభాగాలకు పెద్దలు. వాళ్ళ మధ్య దుబాసమ్మ.

ఆ పేరు గేటు దగ్గర కానిస్టేబుళ్ళు పెట్టింది. ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పడం ఆమె ఉద్యోగం. చిక్కల్లా ఏమిటంటే, రెండు దేశాలదీ ఒకటే భాష. యాసలో కూడా తేడా లేదు. కానీ ఒప్పందంలో మాత్రం, దుబాసీ ద్వారానే మాట్లాడుకోవాలి, దుబాసీ నోటివెంట వచ్చిందే ప్రభుత్వం మాట అని ఉంది. మార్చాలంటే మళ్ళీ మంత్రులు కలవాలి. అందుకని మీసాలాయన "టీ చల్లారిపోయింది" అంటే, దుబాసమ్మ అటు తిరిగి "టీ చల్లారిపోయిందట" అనేది. అప్పటిదాకా కళ్ళజోడాయన చెవిటివాడిలా కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు.

"అన్నమాటే మళ్ళీ అంటే జీతమిస్తారా! మా అమ్మకి వచ్చుంటే ఈ ఉద్యోగం, ఈపాటికి మేడ మీద మేడ కట్టేవాళ్ళం" అని నవ్వేవాడు ఆమె మొగుడు.

ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది, బీరువాల లారీలో ఆడవాళ్ళను దాటిస్తున్నారని. చెప్పినట్టే లారీ వచ్చింది. కానిస్టేబుళ్ళను చూసి డ్రైవరు సడన్ బ్రేకు వేసి, దూకి పారిపోబోయి దొరికిపోయాడు. లారీ గీత మీద నిలబడిపోయింది. ముందు చక్రాలు కళ్ళజోడాయన దేశంలో, వెనక తలుపులు మీసాలాయన దేశంలో. లోపల్నించి ఎవరో దబదబా బాదుతున్నారు.

"తలుపులు మీ వైపున్నాయి. తెరవండి" అన్నాడు కళ్ళజోడాయన.

"తాళంచెవి డ్రైవరు జేబులో ఉంది. డ్రైవరు మీ నేల మీద దొరికాడు. మీ ఖైదీ జేబులో మేం చెయ్యి పెడితే ఏం మర్యాద?"

"తీసిస్తాం, దానికేం? కానీ మా చేతిలోని తాళంచెవి మీ తలుపులో దూరితే రేపు చొరబాటంటారు."

ప్రతి మాటా దుబాసమ్మ నోట మళ్ళీ ఒకసారి వచ్చేది. ఆ మధ్యలో బాదుడు నెమ్మదించింది. తర్వాత ఉండీ ఉండీ ఒక దెబ్బ వినబడింది.

మీసాలాయన గడియారం చూసుకున్నాడు. "భోజనాల వేళైంది. పైవాళ్ళకి రాద్దాం. జవాబొచ్చాక చూద్దాం."

దుబాసమ్మ అటు తిరిగింది.

"తాళంచెవి ఇవ్వండి, ఇప్పుడే తెరిపిస్తాం అంటున్నారు" అంది.

మీసాలాయన దిగ్గున లేచాడు. "నేనెప్పుడన్నాను!"

"ఏమంటున్నారు?" అని దుబాసమ్మనే అడిగాడు కళ్ళజోడాయన.

"ఇంకా ఆలోచిస్తారేంటి అంటున్నారు."

ఆయన చెవులారా అంతా విన్నాడు. కానీ విన్నానంటే ఒప్పందం తప్పినట్టు. కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తాళంచెవి తెప్పించి బల్ల మీద గీత దాటించి జరిపాడు. "వాళ్ళదే ఆలస్యమని చెప్పండి" అన్నాడు.

ఆ మాట మాత్రం ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

ఇక కాదంటే తన ప్రభుత్వాన్నే కాదన్నట్టు. మీసాలాయన మీసం నములుతూ తాళంచెవి అందుకున్నాడు.

కానిస్టేబుళ్ళు ఒక్కో బీరువా దించి తెరుస్తుంటే ఒక్కో మనిషి బయటికొచ్చింది. ఒకామె కాళ్ళు పట్టేసి దుబాసమ్మ భుజం మీద పడింది.

"కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ ఇదేనా అక్కా?"

"కాదు తల్లీ. అలాంటి ఫ్యాక్టరీ ఏదీ లేదు."

ఆమె నమ్మిందో లేదో, వెంటనే లారీ వైపు తిరిగి అరిచింది. "మా చెల్లెలు! ఆ మూల బీరువాలో! ఇందాకటిదాకా బాదింది, ఇప్పుడు పలకట్లేదు!"

ఆ పిల్లను బయటికి లాగి మొహాన నీళ్ళు కొట్టారు. కళ్ళు తెరిచేదాకా రెండు దేశాల్లోనూ ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

వారం తిరక్కుండా పెద్దలిద్దరికీ పతకాలొచ్చాయి. రెండు దేశాలు ఇంత చక్కగా కలిసి పనిచెయ్యడం ఎక్కడా చూడలేదని పేపర్లు రాశాయి. దుబాసమ్మ మీద మాత్రం ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. విచారణ పెట్టారు. విచారణకు రెండు దేశాల అధికారులూ ఉంటారు కాబట్టి దుబాసీ ఉండాలన్నారు. దుబాసమ్మ మాటలు చెప్పడానికి ఇంకో దుబాసీని తెచ్చారు.

"ఆమె మీ మాట మార్చిందా?" అని అడిగారు మీసాలాయన్ని.

మార్చిందంటే పతకం వెనక్కిచ్చెయ్యాలి. "అక్షరం పొల్లు పోలేదు" అన్నాడాయన.

కళ్ళజోడాయన కూడా అదే అన్నాడు. కొత్త దుబాసీ అదే మళ్ళీ చెప్పాడు. విచారణ ముగిసింది.

అక్కాచెల్లెళ్ళను ఊరికి పంపించేరోజు దుబాసమ్మ సెలవు పెట్టి బస్టాండుకు వెళ్ళింది. ఏం మాట్లాడాలో తోచక అరటిపళ్ళు కొనిచ్చింది. బస్సెక్కీ ఎక్కగానే కిటికీ పక్క సీటు నాదంటే నాదని ఇద్దరూ పోట్లాడుకున్నారు. చెల్లెలే గెలిచింది. గెలిచి, తల బయటపెట్టి, "నువ్వు చెప్పక్కా, నాదే కదూ?" అంది.

"నీదేనే తల్లీ" అంది దుబాసమ్మ.