పలక ఊడిన చక్రం

మా భోజనాల బల్ల మీద బొమ్మ ఓడ ఎక్కి కూర్చుని నెలలు గడిచాయి. మేమేమో కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. అడిగితే మా ఆయన, "ఇంకెంత, పొగగొట్టం ఒక్కటే మిగిలింది" అంటాడు. పొగగొట్టం అయ్యాక రెయిలింగు, రెయిలింగు అయ్యాక మెట్లు. గడియారాలు బాగుచేసే మనిషికి ఓపిక ఎక్కువే. కట్టుకున్నదానికి ఉండద్దూ? నాది కుట్టుపని. గుడ్డ పరిచి కత్తిరించాలంటే ఆ బల్లే దిక్కు.

అయినా మా అత్తగారి కోసం నోరు మూసుకున్నాను. ఆవిడ స్టీమరు మీద పెరిగింది. వెనకాల పెద్ద చక్రం తిరుగుతూ నీళ్ళను తోసే పాతకాలపు ఓడ అది. దాన్ని నడిపింది వాళ్ళ నాన్నే. చక్రం పక్కనే వాళ్ళ గది. పెళ్ళయి ఒడ్డుకి వచ్చిన కొత్తలో ఆ చప్పుడు వినపడక ఆవిడ కంటి మీద కునుకు లేదట. "తర్వాత మీ మామగారి గురకకి అలవాటు పడ్డానే అమ్మాయ్" అంటుంది. ఆయన పోయిన దగ్గర్నుంచి మళ్ళీ నిద్ర కరువైంది. మాత్రలు మింగినా లాభం లేదు. ఇలాగైతే ఈ గుండె తట్టుకోదని డాక్టరు చెప్పేశాడు. ఆ చక్రం చప్పుడు మళ్ళీ వింటే అమ్మ పడుకుంటుందని మా ఆయన నమ్మకం. అందుకే ఆ ఓడని బొమ్మగా కట్టడం మొదలెట్టాడు.

పాత ఫోటో ఒకటి, అత్తగారి మాటలు, అవే కొలతలు. తలుపుల బందులకి వాచీ పిన్నులు, కిటికీలకి వాచీ అద్దాల ముక్కలు, కడుపులో గోడగడియారం స్ప్రింగు. చక్రం చుట్టూ గోరంత కర్రపలకలు, ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేదు. "ఆ మెట్టు అరిగిపోయుండేదిరా" అని అత్తగారంటే ఆ మెట్టు అరగదీసేవాడు. వింటూ వింటూ నేనూ మిషను తొక్కుతూనే నది మీద వెళ్ళిపోయేదాన్ని. ఒడ్డున చెట్లు మెల్లగా వెనక్కి పోయేవి. గోడ మీద నీటి వెలుగు పాకేది. తెలివొచ్చి చూసుకుంటే కుట్టు వంకర పోయి ఉండేది.

ఒక మధ్యాహ్నం బట్టలు నానబెట్టే తొట్టిని అత్తగారి మంచం పక్కకి లాగాం. మా ఆయన ఓడని దారంతో కట్టి, కీ ఇచ్చి నీళ్ళలో వదిలాడు. చక్రం కదిలింది. టప్ టప్ టప్ టప్. అబ్బ, నా ఒళ్ళు ఝల్లుమంది! అత్తగారు కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచింది.

"బంగారంలా ఉందిరా నాన్నా. కానీ మా ఓడ కాదు."

మా ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఏం తేడా వచ్చిందమ్మా?"

"ఏమోరా, చెప్పలేను."

ఆవిడ వేళ్ళు మంచంపట్టె మీద తడుతున్నాయి. రోజూ ఉన్నదే, నేనే పట్టించుకోలేదు. కుట్టు తప్పితే పక్కగదిలో ఉన్నా పసిగట్టే చెవి నాది. వేళ్ళు టప్ టప్ టప్ అని, ఓసారి ఆగి, మళ్ళీ అందుకుంటున్నాయి.

"అత్తయ్యా, మీ ఓడ చక్రానికి పలకేమైనా ఊడిందా?"

ఆవిడ లేచి కూర్చుంది. "అవునే! వేయిస్తా, వేయిస్తా అంటూనే మా నాన్న రోజులు నెట్టుకొచ్చాడు."

"ఇంకేం, ఒకటి పీకెయ్యండి" అన్నాను మా ఆయనతో.

"నీకేం, నోటితో చెప్తావు! వాటిని అరగదీసి అరగదీసి నా కళ్ళు పోయాయి."

"మీకు ఓడ కావాలా, అమ్మ కావాలా?" అనేసి నాలిక్కరుచుకున్నాను.

ఆయన పట్టకారు తీసుకుని, పసివాడి పన్ను పీకినంత జాగ్రత్తగా ఒక పలకను లాగాడు. దాన్ని జేబులో వేసుకుని మళ్ళీ కీ ఇచ్చాడు. టప్ టప్ టప్, చిన్న ఖాళీ, మళ్ళీ టప్ టప్ టప్.

"ఇదేరా" అంది అత్తగారు వాలిపోతూ. "మీ నాన్న గురకా ఇంతే. మధ్యలో ఆగేది. ఆగినప్పుడే నాకు నిద్ర పట్టేది."

గదంతా మెల్లగా కదిలి ఎటో వెళ్తున్నట్టుంది. కీ అయిపోయి చక్రం ఆగింది. లేస్తుందేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అత్తగారు గురక మొదలెట్టింది. అది కూడా మధ్యలో ఆగింది. మా ఆయన చెయ్యి జేబులో పలక మీదకి పోయింది. గురక మళ్ళీ అందుకునేసరికి ఏడ్చేశాడు, వెర్రి మనిషి. దాపరికం ఎందుకు, నేనూ ఏడ్చాను.

సాయంత్రానికి ఇవ్వాల్సిన గౌను ఒకటి మిగిలిపోయింది. మిషను చప్పుడవుతుందని అదంతా చేత్తోనే కుట్టాను.