బలం సీసా మోసిన స్టాండు

నేను ఒక సెలైన్ స్టాండును. అమలాపురం దారిలోని వెల్డింగు కొట్టులో, కిటికీ గ్రిల్లుకు మిగిలిన ఇనుప గొట్టంతో పుట్టాను. మొదట నన్ను కొన్నది ఆర్‌ఎంపీ కామేశం. ఊళ్లో ఎవరికి ఏమొచ్చినా ఆయన నీరసం అనేవాడు, సీసా తగిలించేవాడు. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు. జనం దాన్ని బలం సీసా అనేవారు. ఎక్కించుకుని, బలం వచ్చిందని నమ్మి లేచి వెళ్లేవారు.

కొబ్బరి తోట రైతు బుల్లెబ్బాయి భార్య మంగతాయారుకు మాత్రం రాలేదు. వారం వారం వచ్చి పడుకునేది. చివరికి బుల్లెబ్బాయి నన్నే కొని ఇంటికి తెచ్చి, ఆమె మంచం పక్కన నిలబెట్టాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

"ఇంట్లోనే ఆసుపత్రి పెట్టేశానండి దీనికి!"

ఆమె తెల్లవారకముందే మేలుకుని పైకప్పు చూస్తూ ఉండేది. అన్నం కెలికి వదిలేసేది. పెరట్లో కనకాంబరాలు చెట్టునే వడిలిపోతున్నా కోసేది కాదు. ఏడ్చేదీ కాదు. అందుకే అది జబ్బని ఎవరికీ తోచలేదు.

జ్వరాల సర్వేకు వచ్చిన ప్రభుత్వ డాక్టరమ్మ నన్ను చూసి ఆగింది. మంచం పట్టె మీద కూర్చుంది.

"నిద్ర పడుతోందా అమ్మా?"

"బానే పడుకుంటాదండి," అన్నాడు బుల్లెబ్బాయి.

"ఆమెను చెప్పనివ్వండి. ఏ పనైనా చెయ్యాలనిపిస్తోందా?"

"దానికి పనేటండీ, మహారాణిలా కూకోబెడితేనూ!"

"నేనెందుకూ పనికిరాను, పోతే బాగుండును అనిపిస్తోందా?"

ఈసారి మంగతాయారే పలికింది. "రోజూ అనిపిత్తందమ్మా."

బుల్లెబ్బాయి నవ్వాడు. "ఊరికే అంటాదండి. ఆడోళ్లు అనరా ఏంటి?"

డాక్టరమ్మ నవ్వలేదు. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగింది. వానలప్పటినుంచీ అంది మంగతాయారు.

"రెండు వారాలు దాటితే చాలు, చూపించాలి. ఇది నెలలైంది. రక్తహీనతా థైరాయిడూ ఏమైనా ఉన్నాయేమో పరీక్ష చేయిస్తాను. కానీ ఇది డిప్రెషన్ అండీ. మందులున్నాయి, నయమవుతుంది. ఇవాళే పెద్దాసుపత్రికి పంపండి. ఒంటరిగా వదలొద్దు."

"పిచ్చాసుపత్రికాండీ? నలుగురూ ఏవనుకుంటారు? కొబ్బరి దింపు అవనీండి, నేనే తీసుకొత్తాను."

దింపు పూర్తికాకముందే మంగతాయారు ప్రాణం తీసుకుంది. గుండెపోటని ఊరికి చెప్పాడు బుల్లెబ్బాయి. ఊరు నమ్మింది. జాలిపడింది కూడా.

ఆ తర్వాత నామీద తువ్వాలు ఆరేసుకునేవాడు. నిన్న పక్కింటి సుబ్బాయమ్మ వచ్చింది.

"మా కోడలు పురుడైన కాణ్ణించి పలకట్లేదు అన్నయ్యగారూ. పిల్లోణ్ణి ముట్టుకోదు. బతకాలని లేదంటంది. నీరసవంట. స్టాండు ఓసారి ఇత్తారా?"

 ఆ జబ్బు పేరు బుల్లెబ్బాయికి తెలుసు. చెబితే తన గుండెపోటు కథ ఏమవుతుందో అదీ తెలుసు. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"పట్టుకెళ్లమ్మా," అన్నాడు.

ఇప్పుడు ఆ కోడలు పిల్ల మంచం పక్కన నిలబడ్డాను. సీసా నిండుగా ఉంది. పిల్ల పైకప్పు చూస్తోంది.

నాకు నోరు లేదు. ఆయనకు ఉంది.