ఎర్రయ్య బావ మీసానికి రంగుల పెట్టె

మా ఎర్రయ్య బావ మీసం గురించి చెబితే కోతలు కోస్తున్నానంటారు. అనుకోండి. ఒక వేసవిలో దాని కుడి కొస మీద పిచ్చుక గూడు పెట్టింది. పిల్లలకు రెక్కలొచ్చేదాకా బావ ఎడమ దవడతోనే నమిలాడు, ఎడమ పక్కకే ఒత్తిగిలి పడుకున్నాడు. అనకాపల్లి బెల్లం బజారులో ఆయన తుమ్మితే కాటా ముల్లు కదిలిపోతోందని దళారులు ఆయన్ని గుమ్మం అవతల నిలబెట్టి బేరమాడేవారు. ఇందులో సగం మీరు తరుగు కింద తీసేసుకున్నా, మిగిలే మీసం ఈ కాలంలో ఎవడికీ లేదు.

అంత మీసాన్నీ బావ ఉపమాక వెంకన్నకు మొక్కేశాడు.

విశాఖపట్నం మీద బాంబులు పడిన మరుసటేడు సంగతి ఇది. ఆయన పెళ్ళాం, అంటే నా సొంత అప్ప సోమాలమ్మ, విషజ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడుంది. వైద్యుడు పెదవి విరిచి వెళ్ళిపోయాక, బావ వీధరుగు మీద కూలబడ్డాడు. "వెంకన్న బాబూ, ఇది లేచి కూకుంటే నా తలనీలాలు, మీసం నీకే" అనేశాడు. లోపలే అనుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. పక్కన నేనున్నాను. అప్ప లేచి కూర్చుంది, గంజి తాగింది, గంజిలో ఉప్పు చాల్లేదని నన్ను తిట్టింది. ఇక మొక్కు తప్పదు.

మొక్కుకు బావ వెనకాడలేదు. ఆ మాట చెప్పుకోవాలి. కానీ ఆయనకో దిగులు పట్టుకుంది. వయసు ఏభై దాటింది. ఒకసారి తీశాక మళ్ళీ అలాంటిది వస్తుందో రాదో.

"ఓ బొమ్మ ఉంటే సాల్రా," అన్నాడు నాతో. "గోడకెట్టుకుని సూసుకుంటాను. లేపోతే రేపు మనవలకి నాకు మీసముండేదంటే నమ్మరు."

ఫొటోలు తీసే ఆయన్ని అడిగితే యుద్ధం మూలంగా ప్లేట్లు రావటం లేదన్నాడు. అందుకని త్రినాధరావు దగ్గరికి వెళ్ళాం. అక్కణ్ణించి మొదలైంది నా ఖర్మ.

త్రినాధరావు నాటకాలకు తెరలు రాసేవాడు. మంచి చెయ్యి. అతను రాసిన అడవి తెర పక్కన కట్టేస్తే మా మేక రోజంతా ఆకు అడగలేదు. బావ వెళ్ళి అతని పాకలో కూర్చుంటే ఒక్క పూటలో పని అయిపోయేదే. కానీ సరిగ్గా అప్పుడే అతనికో కొత్త పిచ్చి పట్టింది.

"పాకలో కూర్చుని వెయ్యటం మానేశాను మామా," అన్నాడు. "దొరలు చూడు, చిన్న సంచీ తగిలించుకుని బయల్దేరతారు. చెట్టు కింద కూర్చుంటారు, బొమ్మ వేసుకుంటారు, లేచి వెళ్ళిపోతారు. నేనూ అలాగే సంచీలో పట్టే సామాను చేసుకుంటాను. మీ బావ బొమ్మతోనే మొదలెడతాను."

"అయితే మొదలెట్టు."

"సామాను కుదరాలి కదా."

ఆ కుదరటం అనేది చూశాక, పెళ్ళి సంబంధాలు కుదర్చటం ఎంత తేలికో నాకు తెలిసింది. మొదట నూనె రంగులన్నాడు. అవిసెనూనె డబ్బాకు మూత నిలవక సంచీ తడిసింది, సంచీ తగిలించుకున్న లాల్చీ తడిసింది, లాల్చీ ఆరేసిన గోడ తడిసింది. పైగా ఆ రంగు ఆరదు. మచ్చుకని ఓ పలక మీద పచ్చని ఆకు వేసి ఎండబెడితే వారమైనా తడిగానే ఉంది, దాని మీద వాలిన ఈగలు వాలినట్టే ఉన్నాయి.

"బొమ్మని ఈగలతో సహా పట్టుకెళ్ళాలేటి?" అన్నాడు బావ.

సరే, నీళ్ళ రంగులన్నాడు. తరవాత బొమ్మను నిలబెట్టే ముక్కాలి. వెదురుతో ఒకటి కట్టాడు, తెరిస్తే ముడుచుకునేది కాదు. ఇంకొకటి కట్టాడు, ముడిస్తే తెరుచుకునేది కాదు. ఆపైన మడత పీట. కూర్చుని చూపిస్తానని కూర్చున్నాడు, పీట మడతపడింది, అతనూ దాంతోపాటే పడ్డాడు. ఆపైన కుంచెలు. ఉడుత తోక వెంట్రుకలైతే మెత్తగా, తేలిగ్గా ఉంటాయని చింతచెట్టు కింద వల పట్టుకుని కూర్చునేవాడు. మా గవరపాలెం ఉడుతలన్నీ ఒకనాడు మూటాముల్లే సర్దుకుని కశింకోట వెళ్ళిపోయాయని నేను చెబితే మా వీధిలో సగంమంది నమ్మారు.

అన్నిటికన్నా పెద్ద తగువు రంగుల పెట్టె దగ్గర వచ్చింది. చుట్టల పెట్టె లోతు చాలదన్నాడు. బావ తమలపాకుల పెట్టె అడిగితే బావ దాని మీద కూర్చున్నాడు. చివరికి వంటింట్లోకి వెళ్ళి అప్ప పోపుల పెట్టె చేతిలోకి తీసుకున్నాడు.

"నా పోపులపెట్టి నీకేటికిరా?" అంది అప్ప.

"గళ్ళున్నాయి అత్తా. గడికో రంగు. మూత బిగుతు. ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్నది ఇదే."

"మరి నా ఆవాలు?"

"నాలుగు రోజులు కొబ్బరిచిప్పల్లో వేసుకో."

"నీ రంగులే కొబ్బరిచిప్పల్లో ఏసుకో."

"ప్రయాణంలో ఒలికిపోతాయత్తా."

"వొలికిపోతే పోనీ. రంగు లేపోతే ఎవుడూ పస్తుండడు."

బావ గుమ్మంలో నిలబడి మీసం మీద చెయ్యేసుకుని ఆవిడ వంక చూశాడు. అప్ప ఆవాలూ జీలకర్రా చాటలోకి ఒంపేసి, పెట్టె అతని ముందు పడేసింది.

సీమ రంగు బిళ్ళలు బజారులో లేవు కనక రంగులు తనే నూరాడు. జేగురు, పసుపు, నీలిమందు, సుద్ద, దీపం మసి. వాటిలో తుమ్మబంక కలిపి గళ్ళలో పోశాడు. ఆరేసరికి కరువునాటి మడిలా బీటలు వారాయి. తేనె కలిపితే మెత్తగా ఉంటాయట. కొండ నుంచి తేనె వచ్చే రోజులు కావు.

"అనకాపల్లిలో ఉండి తీపికి వెతుక్కోటమేమిటి మామా," అని బెల్లం పాకం పట్టి పోసేశాడు.

"తేనెకి బదులు బెల్లం పనికొత్తాదేటి?" అని అడిగాను.

"ఏది పోసినా రంగుకేం తెలుస్తుంది?"

రంగుకు తెలియదు. నిజమే. మసి మాత్రం నీళ్ళతో కలవక పైకి తేలిపోతోందని ఆ గడిలో పాకం రెట్టింపు పోశాడు. ఆ నలుపు చూస్తే నాకే ఓసారి నాకాలనిపించింది.

ఇలా నెల గడిచింది. ఆ శనివారం దాటితే మూఢం వచ్చేస్తుంది, మళ్ళీ మంచిరోజులు ఎప్పటికో. గురువారం పొద్దున్న బండి కడుతుంటే త్రినాధరావు ఇంకా రెండు గొడుగుల్లో ఏది తేలికో తూచుకుంటున్నాడు.

"బొమ్మ ఎప్పుడేత్తావురా?" అన్నాడు బావ. మీసం కొస పట్టుకుని చూపించాడు. "ఎల్లుండికి ఇది ఉండదు."

"దారిలోనే వేస్తాను. దారిలో వెయ్యటానికే కదా ఈ సామానంతా."

సంచీలో పట్టే సామాను బండి నిండా పట్టింది. ముక్కాలి, మడత పీట, పలక, కాగితాల చుట్ట, రెండు గొడుగులూ. దారిలో ఎలమంచిలి నీళ్ళు రంగుకు పడతాయో పడవోనని ఓ కడవ నీళ్ళు కూడా. వాటి మధ్య అప్పను కూర్చోబెట్టి, ఆవిడ పక్కన త్రినాధరావు తనెక్కాడు. బావా నేనూ నడిచాం.

కశింకోట దాటగానే నడుస్తున్న బండిలోనే గీస్తానన్నాడు. బావను బండి వెనక నడవమన్నాడు. గోతిలో చక్రం పడినప్పుడల్లా పెన్సిలు ఎగిరిపడింది. కాసేపటికి మీసం కుడి కొస చెవి దాటి, కాగితం దాటి, అప్ప చీర మీదికి వెళ్ళింది.

"త్రినాధం," అన్నాన్నేను, "ఆ మీసం ఇంటికెళ్ళిపోతంది, పట్టుకో."

చీకటి పడకముందే ఎలమంచిలి సత్రం చేరాం. మర్నాడు పొద్దున్న ముక్కాలి తెరవటానికి ఇద్దరం చెరో కాలూ లాగాం. తెరుచుకోలేదు. మడత పీట మీద అతను కూర్చోనన్నాడు. గొడుగు గాలికి తిరగబడింది. చివరికి సత్రం మెట్టు మీద కూలబడి, పలక ఒళ్ళో పెట్టుకుని, పోపుల పెట్టె తెరిచాడు.

బావ ఎదురుగా కూర్చున్నాడు. దగ్గలేదు, కదల్లేదు, ముక్కు మీద ఈగ వాలితే దాన్ని తోలమని కళ్ళతోనే నాకు చెప్పాడు. ముఖం జేగురుతో, పసుపుతో తేలింది. కళ్ళు పెన్సిలుతో దిద్దాడు. జుట్టుకూ మీసానికీ ఆ నల్లరంగంతా, గడి అడుగు కనిపించేదాకా వాడేశాడు. ఎండ నడినెత్తికొచ్చేసరికి పలక మా వైపు తిప్పాడు.

అప్పటిదాకా అతన్ని నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. తరవాత మళ్ళీ ఇచ్చేశాననుకోండి. బొమ్మలో బావ ఉన్నాడు. మీసం తడితడిగా మెరుస్తూ, అటో కొసా ఇటో కొసా ఎద్దుకొమ్ముల్లా లేచి ఉంది.

బావ చాలాసేపు చూశాడు. "ఇక తీసెయ్యొచ్చురా," అన్నాడు.

శనివారం పొద్దున్నకి ఉపమాక. బొమ్మను బండిలో గడ్డి మీద ఆరబెట్టి, బండిని మామిడిచెట్టు కింద వదిలి వెళ్ళాం. మంగలి బావ తల గొరిగాడు. మీసం దగ్గరకొచ్చి కత్తి ఆపాడు.

"ఇది కూడానా బాబూ?"

"కానీ."

"మళ్ళీ ఓసారి ఆలోచించుకోండి."

"నా మాట దేముడికిచ్చేసేను. నీకేటి?"

మీసం పోయాక బావ మూతి చూస్తే అది ఎవరి మూతో తెలియలేదు. తెల్లగా, ముడతలు పడి, సిగ్గుపడుతున్నట్టు ఉంది. ఆయన దాన్ని కండువాతో కప్పుకుని దర్శనం చేసుకున్నాడు, గబగబా బండి దగ్గరికొచ్చాడు. ముందు బొమ్మ తియ్యమన్నాడు.

మామిడిచెట్టు మీంచి బండిచక్రం దాకా నల్లగా ఒక తాడు పరుచుకుని ఉంది. తాడనే అనుకున్నాను. దగ్గరికెళితే అది కదులుతోంది. చీమలు. చెట్టు దిగేవి ఖాళీగా దిగుతున్నాయి, ఎక్కేవి బావ మీసం మోసుకుని ఎక్కుతున్నాయి.

బొమ్మ తీసి దులిపాం. జుట్టు లేదు, మీసం లేదు. ముఖం మీద అక్కడక్కడ కొరికి, రుచి చాలక వదిలేసినట్టున్నాయి. పెన్సిలు కళ్ళు మాత్రం బావవే, తెల్లబోయి చూస్తున్నాయి. బొమ్మ పక్కన గుండుతో, కండువా జారిన మూతితో బావ నిలబడ్డాడు. ఇద్దరికీ వెంట్రుకంత తేడా లేదు.

"ఇలా ఎలా జరిగిందో," అన్నాడు త్రినాధరావు.

"బెల్లం పోసి, ఎలా జరిగిందంటావేట్రా?" అన్నాను.

"తేనె పోసినా చీమలొచ్చేవే మామా."

బావ చక్రం పక్కన గొంతుక్కూర్చుని, పైకి పోతున్న చీమల్ని చూస్తున్నాడు. ఆయన్ని అలా అప్ప జ్వరం నాడు ఒక్కసారే చూశాను.

త్రినాధరావు తేరుకున్నాడు. "బెంగపడకండి. ఇరుసు కందెన ఉంది, నల్లగానే ఉంటుంది. మళ్ళీ పెట్టేస్తాను. కొసలు ఎలా ఉండేవో చెప్పండి."

"పైకుండేవి," అన్నాను.

"పైకేటి, పక్కకి," అన్నాడు బావ.

"పక్కకెళ్ళి పైకి తిరిగేవి," అన్నాడు త్రినాధరావు.

"నువ్వేసినట్టు ఎయ్యకు. నాకున్నట్టు ఎయ్యి."

"నేను వేసింది మీకున్నట్టే కదా."

"నా మీసం నాకు తెలవదేట్రా?"

"నీ మీసం నువ్వెప్పుడు సూసేవు బావా," అన్నాను. "దాన్ని రోజూ సూసింది మేం."

ఇలా ముగ్గురం అరుచుకుంటుంటే మంగలి వచ్చి, గొరిగింది నేను గనక నన్నడగండి, కుడికొస పొడుగన్నాడు. ఎడమకొసే పొడుగని బావ ఆయన మీదికి లేచాడు. త్రినాధరావు కందెన గొట్టంలో వేలు ముంచి, ఎవరి మాట ఖాయమో చెప్పమని ఆ వేలు అలాగే ఎత్తి పట్టుకున్నాడు.

అప్ప వచ్చి బొమ్మ లాక్కుంది.

"ఎవుళూ ఏటీ ఎట్టొద్దు. ఇది ఇలగే ఉంటాది."

బావకు ఒళ్ళు మండింది. "నెల్లాళ్ళు ఈడి ఎనకాల తిరిగినాను మీసం బొమ్మ కోసం. ఇప్పుడు మీసం వొద్దంటావేటి?"

"నీకు మీసమున్న బొమ్మ కావాల. నాకిది కావాల." ఆవిడ బొమ్మ మీద మిగిలిన చీమను ఊదేసింది. "రేపు ఎవుళైనా ఇంటికొచ్చి, మీ ఆయన మీసమేదీ అనడిగితే, నాకోసం ఇచ్చేసేడని సెప్పుకుంటాను. మీసం గోడ మీద ఉంటే ఏటని సెప్పుకోను?"

బావ అలవాటుగా మీసం దువ్వుకోబోయిన చెయ్యి ఖాళీ మూతి మీద తచ్చాడి, ఏం చెయ్యాలో తోచక ముక్కు గోక్కుంది. త్రినాధరావు మెల్లిగా, "పోనీ కొసలకి నీడలాగైనా..." అనబోయాడు. ఆ వేలు ముందు తుడుచుకోమన్నాను.

తిరుగు ప్రయాణంలో అప్ప బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బావ ఎద్దుల పక్కన గుండు మీద కండువా వేసుకుని నడిచాడు. చాలా దూరం పోయాక, ముందుకే చూస్తూ, ఎద్దుల్ని అడిగినట్టు అడిగాడు.

"ఎలగున్నానే?"

"మీ అమ్మలాగున్నావు," అంది అప్ప. "ఎండలో నడవకు. బండెక్కు."

బండిలో చోటు లేదు. నేను త్రినాధరావు రెక్క పట్టుకుని కిందికి దింపాను.