ప్రేమమ్మ అడిగిన కొవ్వొత్తుల ఫోటో

జయశీలన్ మాట విని చెడిపోయానని రెండేళ్లుగా శంషాబాద్ బజారులో అందరికీ చెబుతూ వచ్చాను. బస్టాండు ఎదురుగా నా ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాడికీ, ఊరికే ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చినవాడికీ ఒకటే చెప్పాను. రాత్రిపూట ఫ్లాష్ లేకుండా తీసే లెన్సుల పిచ్చి నాకు ఎక్కించింది వాడేనని, ఆ పిచ్చిలోనే నా ప్లాటు పోయిందని. ఈ మాటలు వాడి చెవిన పడకుండా ఉండవు. ఒక్కసారైనా వచ్చి ఎందుకిట్లా చెబుతున్నావని అడగలేదు. నాకు అదే ఎక్కువ మంట.

జయశీలన్‌ది మామిడిపల్లి. ఎయిర్‌పోర్టులో సరుకులు దించే దగ్గర ఉద్యోగం, ఎక్కువగా నైట్ డ్యూటీ. నాకంటే పదేళ్లు చిన్న. డ్యూటీ దిగి ఇంటికి పోయే ముందు నా దుకాణంలో గంటసేపు కూర్చునేవాడు. నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి, కెమెరా మీది ఇంగ్లీషు నాకు బొమ్మల్లాగే కనిపించేది. వాడు ఇంటర్నెట్‌లో చదివి నాకు అర్థమయ్యేలా చెప్పేవాడు.

"లెన్స్ మీద నంబరు చూడన్నా. నంబరు ఎంత చిన్నగుంటే కన్ను అంత పెద్దగ తెరుస్తది. మూడు పాయింట్ అయిదు అంటే సందు. రెండు అంటే కిటికీ. ఒకటి పాయింట్ నాలుగు అంటే వాకిలి. చీకట్ల గీ వాకిలి ఉన్నోడే రాజు."

"మరి నాది?"

"నీది ఎలుక బొక్క."

అప్పట్లో నాకు ఆ మాట నవ్వు తెప్పించింది. ఎయిర్‌పోర్టు వచ్చాక హైవే పొడుగునా ఫంక్షన్ హాళ్లు లేచాయి. పెళ్లివాళ్లు లైట్లకే లక్షలు పెట్టేవాళ్లు. నేను ఫ్లాష్ కొడితే పెళ్లికూతురి ముఖం సున్నం కొట్టినట్టు, వెనక లైట్లన్నీ నల్లగా వచ్చేవి. పక్క వీధి స్టూడియో హరిప్రసాద్ ఫ్లాష్ లేకుండా తీసి చూపిస్తున్నాడని నాకు రావలసిన పెళ్లి పార్టీలు రెండు అటు పోయాయి. ఎట్లాగైనా ఆ వాకిలి కొనాలన్న ఆలోచన అప్పుడే నా బుర్రలో పడింది.

రెండువేల పన్నెండు, ఫిబ్రవరి. జయశీలన్ తన తల్లిని వెంటబెట్టుకొని దుకాణానికి వచ్చాడు. ఆమె పేరు ప్రేమమ్మ. డెబ్బై దాటింది. స్టూలు మీద కూర్చొని కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

"బిక్షం బిడ్డా, మా ఇద్దరికి కలిసి ఒక్క ఫోటో లేదు. పెండ్లి నాడు ఫోటోలేడివి మాకు. ఆయన పోయి ఇరవై ఆరేండ్లాయె."

ఈస్టరు రోజు తెల్లవారకముందే వాళ్ల చర్చివాళ్లంతా సమాధుల తోటకు పోతారు. సమాధుల చుట్టూ కొవ్వొత్తులు పెట్టి, పాటలు పాడి, ప్రార్థన చేసుకుంటారు. ఆ వెలుగులో భర్త రాయి పక్కన నిలబడి ఫోటో దిగాలని ఆమె కోరిక.

"ఆయన పేరు కనబడాలె. నేను కనబడాలె. పిల్లలు కనబడాలె. గా ఫ్లాష్ గిట్ల కొట్టకు. దీపాల ఎట్ల కనబడతనో గట్లనే రావాలె. వచ్చే ఏడు ఉంటనో లేనో."

"ఏడికి పోతవమ్మా, యముడు నిన్ను చూసి దారి తప్పి పోతడు," అన్నాను.

"మాకు యముడు ఉండడు బిడ్డా," అని ఆమె నవ్వింది.

మార్చిలో జయశీలన్, నేను కోఠిలోని కెమెరా దుకాణానికి పోయాం. షాపతను అద్దం మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి ముప్పై అయిదు మిల్లీమీటర్లది, నంబరు రెండు. మిల్లీమీటర్లు తగ్గేకొద్దీ ఫోటోలో పట్టే వెడల్పు పెరుగుతుంది. వెల పంతొమ్మిది వేలు. నా జేబులో అంతకు ఎక్కువే ఉంది. రెండోది ఇరవై నాలుగు, నంబరు ఒకటి పాయింట్ నాలుగు. అరచేతిలో పెట్టుకుంటే ఇత్తడి చెంబంత బరువు. ముందు అద్దంలో నా ముఖం, దుకాణం ట్యూబులైట్లు అన్నీ పచ్చగా, ఊదాగా కనిపించాయి. వెల లక్షా పన్నెండు వేలు.

జయశీలన్ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, ముప్పై అయిదు తీస్కో. ఇరవై నాలుగు మరీ వెడల్పు. అంచుల నిలబడ్డోళ్ల ముఖాలు సాగుతయ్. పైగ వాకిలి మొత్తం తెరిస్తే మూలలు ఆగమైతయ్. ఎట్లైనా నువ్వు రెండు దాంక మూసుకోవాల్సిందే. మూసుకునే తలుపుకు లక్ష ఎందుకు?"

"సమాధుల తోటల వెనక్కి జరిగే జాగ ఉండదు. వెనక వేరేటోళ్ల సమాధులుంటయ్. తొక్కుమంటవా? దగ్గర నుంచి తీయాలంటే ఇరవై నాలుగే కావాలె."

"తొక్కుడెందుకు? నడుమ బాట ఉన్నది. బాట మీద నిలబడితే ముప్పై అయిదుల అందరు పడతరు. రేపు పొద్దున పోయి అడుగులు కొలుద్దాం. లేకుంటే ఇరవై నాలుగును ఒక్కరోజు కిరాయికి తీస్కపోదాం. ఒక రాత్రి తీసి చూడు, నచ్చితే కొను."

"కిరాయి లెన్సు పట్టుకొని తిరగనీకి నేనేమన్న బ్యాండు కొట్టేటోన్నా?"

షాపతను నవ్వాడు. జయశీలన్ నవ్వలేదు. నిజం చెప్పాలంటే నాకు సమాధులూ గుర్తులేవు, ప్రేమమ్మా గుర్తులేదు. ఆ చెంబంత లెన్సు మెళ్లో వేసుకొని ఫంక్షన్ హాల్లోకి పోతుంటే హరిప్రసాద్ ముఖం ఎట్లా మాడుతుందో చూడాలని ఉంది.

పాల్మాకులలో నాకొక చిన్న ప్లాటు ఉండేది. బాపు భూమి ఎయిర్‌పోర్టు కింద పోయినప్పుడు వచ్చిన డబ్బంతా ఖర్చయ్యాక చివరికి మిగిలింది అదొక్కటే. బేరాలు పడిపోయిన రోజులవి, అయినా వారంలో అమ్మేశాను. నా భార్య స్వరాజ్యం లెన్సు డబ్బా తెరిచి చూసి మూత పెట్టింది.

"జాగల నిలబడి చూస్తె ఆకాశం కనబడుతుండె. దీంట్ల చూస్తె ఏం కనబడతది?"

"పైసలు కనబడతయ్."

"కనబడ్డప్పుడు నన్ను పిలువు," అని లోపలికి పోయింది.

ఈస్టరు ఏప్రిల్ ఎనిమిదిన వచ్చింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు తోటకు చేరేసరికి మట్టి దిబ్బలు, సున్నం వేసిన సిలువలు, రాళ్లు అన్నిటి చుట్టూ కొవ్వొత్తులే. ఒక కుటుంబం పాట ఎత్తుకుంటే పక్క సమాధి దగ్గరివాళ్లు అందుకుంటున్నారు. పైన విమానం కిందికి దిగుతుంటే పాట కాసేపు వినిపించకుండా పోయి మళ్లీ వినిపించేది.

ప్రేమమ్మ తెల్లచీర కట్టుకుంది. సమాధికి తల వైపు పేరు చెక్కిన రాయి ఉంది. వాళ్లలో భార్య నిలబడే చోటు అదే, రాయి మీద చెయ్యి వేసి. ఆమె అక్కడ నిలబడింది. కొడుకులు, కోడళ్లు, మనవలు కాళ్ల వైపు దాకా వరసగా నిలబడ్డారు. అంటే ఫోటోలో ఆమె ఒక చివరన వస్తుంది. నడుమ నిలబడమని నేను అడగలేదు, అడిగినా ఆమె రాయి వదిలి వచ్చేది కాదు.

"అన్నా, బాట మీదికి రా. జర వెనక్కి," అన్నాడు జయశీలన్ చిన్న గొంతుతో.

"నా పని నాకు నేర్పకు. పోయి వరసల నిలబడు."

నేను ముందుకే పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. వాకిలి మొత్తం తెరిచాను. పన్నెండు ఫోటోలు కొట్టాను. కెమెరా వెనక చిన్న తెరలో చూస్తే కొవ్వొత్తులు బంగారంలా వెలుగుతున్నాయి, మనుషులంతా కనిపిస్తున్నారు. పెద్దది చేసి ఒక్కొక్క ముఖం చూడాలి. చూడలేదు. చుట్టూ చేరినవాళ్లకు తెర తిప్పి చూపించడంలో మునిగిపోయాను.

ప్రేమమ్మ నా దగ్గరికి వచ్చింది. "కండ్లు మూసిన్నా బిడ్డా? మూస్తే చెప్పు, ఇంకొకసారి నిలబడత."

"ఒక్కటే దెబ్బకు మంచిగొచ్చిందమ్మా," అన్నాను.

మరునాడు దుకాణంలో కంప్యూటరు మీద పెద్దది చేసి చూశాను. చీకట్లో కెమెరా అన్నిటికంటే ముందున్న కొవ్వొత్తిని పట్టుకుంది. దాని మైనం చుక్కలు కూడా లెక్కపెట్టవచ్చు. రాయి మీద పేరు చదవవచ్చో లేదో అన్నట్టుంది. మూలల్లో ఉన్న మంటలకు రెక్కలు మొలిచి పురుగుల్లా ఉన్నాయి. ప్రేమమ్మ తల ఒక పక్కకు సాగిపోయింది. కళ్లు, ముక్కు, నోరు అన్నీ తడి చేత్తో చెరిపినట్టు ఒకటైపోయాయి. పన్నెండింటిలోనూ అంతే.

మూడు రోజులు కూర్చొని సాఫ్ట్‌వేరుతో గీకాను. ముఖం సర్దితే రాయి వంకరయింది. పదును పెంచితే గరుకు కాగితంలా వచ్చింది. ఏడు రకాలుగా చేసి, ఏడూ దాచాను.

ఇందులో పెద్ద కష్టమేం లేదు. మామిడిపల్లి ఎంత దూరం? ఆ సాయంత్రమే పోయి, ఫోటో కరాబైందమ్మా, ఇంకొకసారి కొవ్వొత్తులు పెడదాం అంటే ఆమె ఎగిరి గంతేసి వచ్చేది. కానీ ఆ మాట అంటే జయశీలన్ చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి. ప్లాటు అమ్మి తప్పు లెన్సు కొన్నానని స్వరాజ్యానికి తెలుస్తుంది. హరిప్రసాద్‌కు తెలుస్తుంది. అందుకని జయశీలన్ అడిగిన ప్రతిసారీ ఫ్రేముకు ఇచ్చానన్నాను.

మే నెలలో, మంచి ఎండలో, ప్రేమమ్మ ఒక్కతే షేర్ ఆటో ఎక్కి వచ్చింది. ఆయాసంగా ఉంది. కాసిన్ని నీళ్లు తాగి సంచిలో నుంచి కొవ్వొత్తుల ప్యాకెట్టు తీసింది.

"ఈస్టరువి మిగిలినయ్. ఫోటో మంచిగ రాకుంటే సిగ్గుపడకు బిడ్డా. ఇయ్యాల సాయంత్రం పోదాం. నాకేం పనుంది?"

ఆమెకు అనుమానం వచ్చిందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నేను ఒప్పుకోవడానికి దారి తానే వేసి ఇచ్చింది.

"మస్తుగొచ్చిందమ్మా. ఫ్రేమ్ కొట్టేటోడు సతాయిస్తుండు. వచ్చే వారం నేనే తెస్త."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. "సరే బిడ్డా. ఇయి ఉంచు, కరెంటు పోతే పనికొస్తయ్," అని ప్యాకెట్టు కౌంటరు మీద పెట్టి పోయింది.

మే ఇరవై తొమ్మిదిన ప్రేమమ్మ గుండె ఆగి చనిపోయింది.

రెండో రోజు నేను టీ తేవడానికి పోయినప్పుడు జయశీలన్ వచ్చాడు. ఎప్పటిలాగే కంప్యూటరు ముందు కూర్చొని తానే వెతుక్కున్నాడు. నేను రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి తెర మీద ఆ ఏడు ఫోటోలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని కింద తేదీ ఉంది.

"ఏప్రిల్ తొమ్మిది," అని చదివాడు. "పది. పదకొండు."

నేను గ్లాసులు కింద పెట్టలేదు.

"అమ్మ మొన్న దుకాణంకు వచ్చిందటగద."

"వచ్చింది."

"కొవ్వొత్తులు తెచ్చిందా?"

"తెచ్చింది."

చాలాసేపు ఆ సాగిన ముఖాన్నే చూశాడు. ఒక్కొక్క ఫోటో మూసేశాడు. జేబులో నుంచి ప్రేమమ్మ ఓటరు కార్డు తీసి నా ముందు పెట్టాడు. "అమ్మ ప్రార్థన కూటంల పెట్టనీకి ఫోటో కావాలె. దీన్నే పెద్దగ చెయ్యన్నా."

చేసి ఇచ్చాను. గోరంత ఫోటోని పెంచితే ఎట్లా ఉంటుందో అట్లానే ఉంది, అయినా కళ్లు కనిపించాయి.

"ఎంతయింది?" అన్నాడు.

నాలుగేళ్లలో వాడి దగ్గర నేను డబ్బు తీసుకోలేదు, వాడు అడగలేదు. నేను తల ఊపేలోపే యాభై రూపాయలు కౌంటరు మీద పెట్టి పోయాడు. టీ చల్లారిపోయింది. ఆ తర్వాత నా దుకాణం మెట్లు ఎక్కలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాడు చెప్పలేదు కాబట్టే, నేను నాకు నచ్చినట్టు చెప్పుకున్నాను.

లెన్సును పోయిన ఏడు కోఠిలో అదే దుకాణంలో యాభై ఎనిమిది వేలకు ఇచ్చేశాను.

ఈ ఏడు ఈస్టరు అయిపోయిన మరునాడు మధ్యాహ్నం మామిడిపల్లి తోటకు పోయాను. ఎవరూ లేరు. భర్త పక్కనే ప్రేమమ్మ సమాధి, రెండిటి చుట్టూ కరిగిన మైనం. సమాధుల నడుమ బాట ఉంది, జయశీలన్ చెప్పినట్టే. రాయి దగ్గర నుంచి మడమ, బొటనవేలు ఆనించి అడుగులు వేసుకుంటూ పక్కగా పోయి బాట మీదికి చేరాను. పద్నాలుగు. అక్కడ నిలబడి రెండు చేతులూ చట్రంలా పెట్టి చూశాను. పేరు, రాయి, పక్కన ఆమె నిలబడ్డ చోటు, పిల్లల వరస, అన్నీ పట్టాయి. ఎవరి సమాధీ తొక్కలేదు.

ఆమె ఇచ్చిపోయిన కొవ్వొత్తుల ప్యాకెట్టు జేబులోనే ఉంది. ముట్టించడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె తలాపున పెట్టి వచ్చేశాను.

ఇకమీదట జయశీలన్ పేరు నా నోట రానివ్వను. లెన్సు ఎంచుకున్నది నేను, కొన్నది నేను, ఫోటో దాచింది నేను. ప్లాటు ఎట్లా పోయిందని ఎవరైనా అడిగితే నేనే పోగొట్టుకున్నానని చెబుతాను. పాల్మాకులలో, తూర్పు ముఖం, అరవై గజాలు.